పాత కారు, పాత కాగితములు

ఎద్దును కొనబోవు రైతు సంతలో మొట్టమొదట దాని నోరు తెరచి పండ్లు చూచును. పండ్లనుబట్టి వయస్సు తెలియును. పిమ్మట సుడులు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి కుంటు కలదేమో కనిపెట్టును. నేర్పరియైన రైతు అంతటితో తృప్తిపడడు. అమ్మువాని ఊరివారెవరైన సంతకు వచ్చిరేమోయని వెదకి, “ఆ ఎద్దు కాడి క్రింద పడుకొనునా? మనుష్యుల మీదికి వచ్చునా?” యని చాటుగా విచారించును. మొదటిది కంటితో చేయు పరీక్ష. రెండవది చరిత్రతో చేయు పరీక్ష. కొమ్ములకు రంగు పూసి కంటిని ఏమార్చవచ్చును గాని, పొరుగువాని జ్ఞాపకమునకు రంగు పూయుట కష్టము.

పాత మోటారుకారు కొనుటయందును ఈ రెండు పరీక్షలే కలవు. మొదటి దానితోనే తృప్తిపడి మేమొకసారి నష్టపోయితిమి. ఒక పాత అంబాసిడర్ కారును కొంటిమి. రంగు తళతళలాడుచుండెను. సీట్లకు క్రొత్తగుడ్డ వేసియుండిరి. తాళపుచెవి త్రిప్పినంతనే ఇంజను పలికెను. మురిసిపోయి సొమ్ము చెల్లించి ఇంటికి తెచ్చుకొంటిమి. వానకాలము రాగానే ముందు సీటు క్రింద నీరు నిలువజొచ్చెను. మేస్త్రీ కారు క్రిందికి దూరి సుత్తితో మెల్లగా తట్టగా అడుగురేకు పెంకువలె రాలిపడెను. రంగు క్రింద పుట్టీ, పుట్టీ క్రింద తుప్పు! పైన పటారము, లోన లొటారము అను మాట ఆనాడు మాకు బాగుగ అర్థమైనది.

అంతకంటె సిగ్గుపడదగిన సంగతి మరియొకటి కలదు. అమ్మినవారు కారుతోపాటు ఇచ్చిన కాగితముల సంచిని మేము విప్పిచూడనేలేదు. తరువాత చూడగా అందులో నాలుగేండ్లనాటి బిల్లొకటి కనబడెను. ‘అడుగురేకు అతుకులు, తాత్కాలికము’ అని అందు స్పష్టముగ వ్రాసియున్నది. అమ్మినవారు దాచలేదు, మేమే చదువలేదు.

నాటినుండి పాత కార్ల కాగితములపై మాకు ఆసక్తి కలిగినది. కారు ఆరోగ్యమునకు కాగితము ఎట్లు సాక్షి యగును? ఆ సాక్షిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నలకు బ్రిటన్ దేశపు చరిత్రయందు చక్కని సమాధానము దొరకుచున్నది. మన అంబాసిడరు పుట్టినిల్లును అదియే. ఆక్స్‌ఫర్డు నగరము చెంత తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాయే కొలది మార్పులతో బెంగాలులోని ఉత్తరపాడలో అంబాసిడరుగా రూపొంది, 2014 వరకు తయారైనది. కావున ఈ కథ పూర్తిగా పరాయిది కాదు.

బ్రిటన్‌లో 1903 నాటి మోటారుకారుల చట్టము ననుసరించి 1904 జనవరి 1వ తేదీనుండి ప్రతి కారుకు నంబరు ఉండవలెనను నియమము వచ్చినది. వేగమునకు గంటకు 20 మైళ్ళని హద్దు పెట్టిరి. 1921 నుండి ప్రతి కారుకు ఒక లాగ్‌బుక్కు ఏర్పడినది. యజమానులు మారినప్పుడెల్ల అందు పేరు నమోదగుచుండెను. 1930 నాటి చట్టముతో ఇతరులకు కలుగు నష్టమునకై భీమా తప్పనిసరియైనది. 1935 జూన్ 1వ తేదీనుండి క్రొత్తగా కారు నడుపువారికి పరీక్ష నిర్బంధమైనది. నంబరును, యజమానిని, భీమాను, నడుపువానిని, అన్నింటిని రాజ్యము విచారించినది. కారును మాత్రము విచారింపలేదు. బ్రేకులు పట్టునో పట్టవో యజమానికి, దైవమునకు మాత్రమే తెలిసియుండెను.

రెండవ ప్రపంచయుద్ధముతో ఈ లోపము బయటపడినది. యుద్ధకాలమున సొంతకార్ల తయారీ నిలిచిపోయి, కర్మాగారములు సైన్యమునకు కావలసిన వాహనములు, విమానభాగములు చేసినవి. యుద్ధము ముగిసిన పిదప దేశమునకు విదేశద్రవ్యము అత్యవసరమగుటచేత క్రొత్తకార్లలో పెద్దభాగము ఎగుమతియయ్యెను. స్వదేశమున క్రొత్తకారు కోరినవారు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చినది. అందుచే యుద్ధమునకు పూర్వపు కార్లే అతుకులతో, చిట్కాలతో 1950 తరువాత కూడ రోడ్ల మీద తిరుగుచుండెను. అట్టి బండ్లవలన ప్రమాదము తనకే గాక దారినపోవు వానికిని కలుగును.

1956 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రభుత్వమునకు వాహనములను పరీక్షించు అధికారము నిచ్చినది. ఎర్నెస్టు మార్పిల్సు రవాణామంత్రిగా నున్నపుడు, 1960 సెప్టెంబరు 12వ తేదీన ఆ పరీక్ష ప్రారంభమైనది. పదియేండ్లు దాటిన వాహనములకే వర్తించుటచే జనులు దానిని ‘పదేండ్ల పరీక్ష’ అనిరి. బ్రేకులు, దీపములు, స్టీరింగు, ఈ మూడే ముఖ్యముగ చూచెడివారు. ఈ మూడింటిలోనే తప్పిన కార్ల సంఖ్య చూచి అధికారులు ఉలికిపడిరి. 1961 చివర వయస్సును ఏడేండ్లకు దించిరి. 1967 ఏప్రిల్‌లో మూడేండ్లకు దించిరి. గ్రేటుబ్రిటన్‌లో నేటికిని కారుకు మొదటి పరీక్ష మూడేండ్లకే, అటుపిమ్మట ఏటేట.

ఈ పరీక్షకు ఎం.ఓ.టి. అని పేరు. రవాణా మంత్రిత్వశాఖయను ఆంగ్లనామపు పొడి అక్షరములవి. ఆ పేరుగల శాఖ 1970లో మరియొక శాఖలో కలిసిపోయినది. అయినను పరీక్షకు ఆ పేరు పోలేదు.

నియమము చేయుట సులభము, పాటింపజేయుట కష్టము. దీనికి 1962లో ఒక చక్కని ఉపాయము కనుగొనిరి. యోగ్యతాపత్రము చూపనిదే వాహనపు పన్ను బిళ్ల ఇయ్యరాదనిరి. పన్ను కట్టబోయినవాడు పరీక్షకు పోక తప్పలేదు. కారు అద్దమునకు అంటించు ఆ కాగితపు బిళ్ల 2014లో రద్దయినది గాని, యోగ్యతాపత్రము లేనిదే పన్ను కట్టనీయని నియమము, మినహాయింపు గల వాహనములకు తప్ప, నిలిచియేయున్నది.

పాత కారు కొనువారు ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. పరీక్ష పేరు ఒక్కటే గాని, పరీక్షింపబడు అంశములు కాలక్రమమున పెరిగినవి. టైర్లు 1968లో చేరినవి. అద్దము తుడుచు వైపర్లు, మలుపు దీపములు, బ్రేకు దీపములు, హారను, పొగగొట్టము, కట్టడపు స్థితి, చాసిస్ స్థితి, ఇవన్నియు 1977లో చేరినవి. పెట్రోలు కార్ల పొగను కొలుచుట 1991లో వచ్చినది. కావున 1970 నాటి పత్రము చేతబట్టి, “చూడుడు, ఆనాడే చాసిస్ నిక్షేపముగ నున్నది” అని ఎవరైన అన్నచో నమ్మరాదు. ఆనాటి జాబితాలో చాసిస్ స్థితియే లేదు. శాసనమును చదువువాడు లిపికాలము తెలిసి చదువునట్లు, ఈ పత్రమును నియమకాలము తెలిసి చదువవలెను.

ఇక పరీక్షించువారెవరు? ఉత్తర ఐర్లండులో ప్రభుత్వపు పరీక్షాకేంద్రములే ఈ పని చేయుచున్నవి. గ్రేటుబ్రిటన్‌లో మాత్రము అనుమతి పొందిన సాధారణ గరాజులు చేయును. నీలిరంగు మీద మూడు తెల్లని త్రికోణములుగల పలక వాని గుర్తు. దోషము కనిపెట్టు గరాజే ఆ దోషమును బాగుచేసి డబ్బు పుచ్చుకొనవచ్చును. లేని దోషమును చూపుట, ఉన్న దోషమును మన్నించుట, ఈ రెండు ప్రలోభములకును ఇందు చోటున్నది. కొన్ని పురపాలక సంస్థల కేంద్రములు పరీక్ష మాత్రము చేసి, మరమ్మతులు చేయవు. అందుచే కొందరు యజమానులు ఏరికోరి అచ్చటికే పోవుదురు.

పూర్వము పత్రములను చేతితో వ్రాసెడివారు. చేతివ్రాతకు దొంగవ్రాత సులభము. 2005 మొదలుకొని ఫలితములు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. ఈ మార్పువలన మోసము తగ్గుట యటుండ, ఊహింపని మేలొకటి కలిగినది. ప్రతి కారు చరిత్రయు ఒక్కచోట వరుసగా చేరినది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో 2005 నుండి జరిగిన పరీక్షలను, ఉత్తర ఐర్లండులో 2017 నుండి జరిగినవానిని ఎవరైనను ప్రభుత్వపు పుటలో ఉచితముగ చూడవచ్చును. కారు నంబరు తెలిసిన చాలును. పరీక్ష తేదీ, ఫలితము, ఆనాటి మైళ్ళ లెక్క, తప్పినచో కారణము, ఉత్తీర్ణమైనను చేసిన హెచ్చరికలు అందు కనబడును. రిజిస్ట్రేషను పత్రముమీది సంఖ్య కూడ చేతనున్నచో, పరీక్ష ఏ గరాజులో జరిగినదియు తెలియును.

దీనిని చదువు విధమును ఒక ఊహాచిత్రముతో వివరింతుము. 1968లో తొలిసారి రిజిస్టరైన మారిస్ మైనరు కారొకటి అమ్మకమునకు వచ్చినదనుకొందము. యుద్ధానంతర బ్రిటన్‌లో ఇంటింటికి పరిచయమైన కారిది. అలెక్ ఇస్సిగోనిసు రూపొందించినది. పదిలక్షలకు మించి అమ్ముడుపోయిన మొదటి బ్రిటిషు కారు. అమ్మువాడు, “31,000 మైళ్ళు మాత్రమే తిరిగినది, క్రొత్తగా రంగు వేయించితిమి” అనుచున్నాడు. మీటరు చూడగా 31,000 అనియే యున్నది.

ఇప్పుడు కాగితముల సంచి విప్పుదము. 1984 నాటి పత్రముపై 61,400 మైళ్ళు. 1991లో 88,200. 1996లో 3,900! మైళ్ళు తరిగినవా? లేదు. ఆ కాలపు మీటరుకు అంకెలు అయిదే. 99,999 దాటగానే మరల సున్నయగును. కనుక 1996 నాటి లెక్క 1,03,900. ఇక కంప్యూటరు చరిత్రలో 2007లో 24,100 అనిన 1,24,100. 2016లో 30,600 అనిన 1,30,600. నేటి 31,000 నిజమునకు 1,31,000. అమ్మువాడు అబద్ధమాడియుండక పోవచ్చును. మీటరు చూపినది చెప్పియుండవచ్చును. అయినను లక్షమైళ్ళ తేడా ధరలో చిన్న తేడా కాదు.

తరువాత హెచ్చరికలను చదువుదము. 2009లో ‘వెనుక కమాను బిగించుచోట తుప్పు’ అని హెచ్చరిక. 2011లో అదే చోట తుప్పు మితిమీరినదని తప్పించిరి. అదే వారములో ఉత్తీర్ణము చేసిరి. 2014లో మరల అదే చోట హెచ్చరిక. ఈ మూడు వాక్యములు కలిపి చదివినచో ఒక కథ తెలియును. 2011లో చేసినది శాశ్వతమైన పనికాదు, అతుకు మాత్రమే. వాహనపు ముఖ్యభాగములు బిగించు చోటులకు 30 సెంటీమీటర్ల లోపల తుప్పు మితిమీరరాదని పరీక్షానియమము. ఆ నియమము ఊరక పెట్టినది కాదు. కమాను ఊడిన కారు మలుపులో యజమాని మాట వినదు. శీతకాలమున మంచు కరగుటకై అచ్చటి రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కారడుగున చేరి రేకును తినివేయును. క్రొత్తరంగు దానిని కప్పునే గాని ఆపలేదు. కావున కొనువాడు, “రంగు బాగున్నది” అనుటకు బదులు, “ఆ చోట వెల్డింగు చేసిన బిల్లు చూపుడు, పని జరుగునపుడు తీసిన ఫోటోలున్న చూపుడు” అని అడుగవలెను.

ఏండ్లమధ్య ఖాళీలు కనబడినచో దొంగతనమని తలపరాదు. యజమాని జబ్బుపడి కారు కొట్టములో నిలిచియుండవచ్చును. రోడ్డుపైకి తేనపుడు ఆ సంగతిని ప్రభుత్వమునకు తెలుపు పద్ధతి 1998లో వచ్చినది. ఖాళీ నేరము కాదు, ప్రశ్న. దానికి సమాధానముండవలెను. ఆ సమాధానము కాగితములతో పొసగవలెను. అన్నిటికంటె ముందు చాసిస్ మీద చెక్కిన సంఖ్యయు, రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యయు ఒకటియగునో కాదో చూడవలెను. ఒక కారు చరిత్రను చదివి మరియొక కారును కొనుట ఎవరికి లాభము?

ఇంత చెప్పినమీదట ఈ సాక్షి చెప్పజాలని సంగతులను కూడ చెప్పుట న్యాయము. ఎం.ఓ.టి. పరీక్షలో ఇంజను, క్లచ్చి, గేరుబాక్సుల స్థితిని చూడరు. కారు భాగములను విప్పరు. తివాసీ క్రింద, పెయింటు క్రింద ఏమున్నదో వారికి తెలియదు. పరీక్షనాడు కారు కనీసనియమములకు లోబడియున్నదని మాత్రమే పత్రము చెప్పును. మరునాటికి హామీ ఇయ్యదు. ఒక్క పత్రము ఒక్క రోజు ముఖచిత్రము వంటిది. ఇరువది పత్రములు వరుసగా పేర్చినపుడే మనిషి నడవడి తెలిసినట్లు కారు నడవడి తెలియును.

అయితే ఇటీవల ఈ వరుసయే తెగిపోయినది. 2012 నవంబరులో, 1960కి పూర్వము తయారైన కార్లకు పరీక్షనుండి మినహాయింపు ఇచ్చిరి. 2018 మే 20వ తేదీనుండి నలువదియేండ్లు దాటిన కార్లకెల్ల, గత ముప్పదియేండ్లలో పెద్దమార్పులు చేయనివైనచో, ఆ మినహాయింపు విస్తరించినది. పాత కార్ల యజమానులు వానిని బిడ్డలవలె చూచుకొందురనియు, అవి తిరుగునది తక్కువయనియు ప్రభుత్వపు వాదము. అందులో నిజము లేకపోలేదు. కాని ఆ యజమాని కాలముచేసిన పిదప, కారు చేతులు మారిన పిదప, ఆ శ్రద్ధకు సాక్షి యెవరు? ముసలితనము ముదిరినపుడే వైద్యుడు రాక మానినట్లయినది. 1960లో పదియేండ్లు దాటినవే పరీక్షకు పోవలెననిరి. నేడు నలువదియేండ్లు దాటినవి పోనక్కరలేదనుచున్నారు. చరిత్ర ఇట్లు తలక్రిందులైన సంగతిని పాత కారు కొనువారు మరువరాదు.

మినహాయింపు పరీక్షకే గాని బాధ్యతకు కాదు. ప్రమాదకరమైన స్థితిలోనున్న కారును నడిపినచో 2,500 పౌనులవరకు జరిమానా కలదు. కొన్ననాటినుండి ఆ బాధ్యత కొన్నవానిదే. అందుచే మేము చెప్పున దొక్కటే. మినహాయింపు గల కారునైనను స్వచ్ఛందముగ పరీక్షకు పంపవచ్చును. బేరము కుదుర్చుకొనుటకు ముందు, “ఖర్చు మేము భరింతుము, ఒకసారి పరీక్ష చేయింపుడు” అని అమ్మువానిని కోరవలెను. నిజాయితీపరుడు సాధారణముగ కాదనడు. కాదన్నచో ఆ కాదనుటయే ఒక సాక్ష్యము. హైదరాబాదు, గుంటూరు, విశాఖపట్టణములనుండి పోయి బ్రిటన్‌లో స్థిరపడిన మనవారు పాత కారుపై ముచ్చటపడినపుడు దీనిని గుర్తుంచుకొందురుగాక.

మనదేశపు సంగతి వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతకారుకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట వాహనమును చూపించి అయిదేండ్లకొకమారు పొడిగించుకొనవలెను. 2021లో వచ్చిన నియమములతో, యాబదియేండ్లు దాటి తొలిరూపు చెడని కార్లు, మోటారుసైకిళ్ళకు వింటేజి రిజిస్ట్రేషను ఏర్పడినది. ‘వి.ఎ.’ అను అక్షరములు గల నంబరు వానికి ప్రత్యేకము. కాని ఏటేట పరీక్షింపబడి, మైళ్ళతో సహా ఎల్లరకు కనబడు వరుస మన పాత సొంతకార్లకు లేదు. లేదుగనుక మనకు ఇంటి కాగితములే మరింత విలువైనవి: మేస్త్రీ బిల్లులు, భీమా పత్రములు, టైర్లు కొన్న రసీదులు, తేదీతో మైళ్ళు వ్రాసిన చిన్న నోటుపుస్తకము.

మా అంబాసిడరుకు అడుగురేకు మార్పించితిమి. ఆ బిల్లును, పాత ‘తాత్కాలికము’ బిల్లును కలిపి అదే సంచిలో ఉంచితిమి. ఏనాడైన ఆ కారును అమ్మవలసివచ్చినచో సంచిని మొదట చేతికిచ్చి, తరువాతనే తాళపుచెవి ఇచ్చెదము. కొనువారు మావలె విప్పక ఊరకుందురేమోయని, ఆ రెండు బిల్లులను మేమే తీసి చూపుదుము.